కట్ట మీద ఎవరున్నారు?

తిరుపతి వాళ్ళకు వానాకాలం జూన్‌లో రాదు. జూన్, జులైల్లో నాలుగు చినుకులు పడి ఉక్కపోత ఇంకాస్త పెరుగుతుంది, అంతే. అసలు వాన దీపావళి అటూ ఇటూగా మొదలవుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి నెల్లూరుకూ చెన్నైకీ మధ్యన ఎక్కడో తీరం దాటిందంటే, ఆ మబ్బులు వచ్చి శేషాచలం కొండలకు తగులుకుంటాయి. ఇక రెండు మూడు రోజులు ఎండ మొహం కనపడదు. కపిలతీర్థంలో జలపాతం దూకుతోందని జనం చూడ్డానికి ఎగబడతారు. ఆ నీళ్ళే ఇంకొంచెం ఎక్కువైతే ఊళ్ళోకి వస్తాయి.

అలాంటి నవంబర్లలో మేం కొంతమందిమి ఓ పని చేసేవాళ్ళం. ఎవరి డాబా మీద వాళ్ళం వాన కొలుచుకుని, వైర్‌లెస్ సెట్లలో ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళం. ఏ వాగు ఎంత పారుతోంది, ఏ రోడ్డు మీదికి నీళ్ళెక్కాయి, ఏ చెరువు నిండి మొరవ (మిగులు నీళ్ళు పొర్లే దారి) పోతోంది, ఇవే మా కబుర్లు. జీతం లేదు, యూనిఫాం లేదు. చేతిలో ఉన్నదల్లా ఢిల్లీ నుంచి వచ్చిన ఒక లైసెన్సు కాయితం. ఇలా సరదాకి సొంతంగా నడిపే వైర్‌లెస్‌నే హామ్ రేడియో అంటారు, నడిపేవాళ్ళను హామ్‌లంటారు. ఇప్పటి పిల్లలకు చెప్తే 'వాట్సాప్ గ్రూపు లాంటిదా?' అంటారు. కొంచెం అలాంటిదే, కానీ ఫార్వర్డులు ఉండవు.

నన్ను ఇందులోకి దించింది మా బైరాగిపట్టెడలో ఉండే రిటైరైన సైన్సు టీచరు. మా వైపు టీచర్లను ఐవారు అంటారు కదా, ఆయన వీధి వీధికీ ఐవారే. డాబా మీద రెండు వెదురు కర్రలు పాతి, వాటి మధ్య ఇరవై మీటర్ల రాగి తీగ కట్టి ఉండేది. దాని మీద బట్టలు ఆరేయబోయి ఆయన భార్య చేత తిట్లు తిన్న పనిమనుషులు చాలామందే. నేను పద్మావతి కాలేజీలో డిగ్రీ చదివే రోజులవి. 1990ల మొదట్లో అనుకోండి. ఓ సాయంత్రం పెరుగు గిన్నె ఇవ్వడానికి వెళ్తే, రేడియోలో ఎవరో "గుడ్ ఈవెనింగ్ ఓల్డ్ మ్యాన్" అంటున్నారు. "ఎవరు సార్ ఆయన?" అన్నాను. "కొలంబోలో డాక్టరు. నిన్న ఆయన కూతురి పెళ్ళి" అన్నారు ఐవారు. ఎస్టీడీ బూత్‌లో మద్రాసుకి మూడు నిమిషాలు మాట్లాడాలన్నా మీటరు వైపు చూస్తూ గుండెలు చిక్కబట్టుకునే కాలం. ఆ పెరుగు గిన్నె మూడో రోజుకు గానీ మా ఇంటికి తిరిగి రాలేదు, నేను అడగడం మర్చిపోయాను.

పరీక్ష మద్రాసులో రాశాను. కొంచెం ఎలక్ట్రానిక్స్, కొంచెం రూల్స్. మోర్స్ కోడ్, అంటే చుక్కలూ గీతల టెలిగ్రాఫ్ భాష, రాకపోయినా రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ లైసెన్సు ఇచ్చేవాళ్ళు. పైన గ్రేడ్ 2 కావాలంటే అప్పట్లో నిమిషానికి 5 మాటల వేగంతో మోర్స్ రావాల్సి ఉండేది. అది తర్వాత ఏడుస్తూ నేర్చుకున్నాను. పరీక్ష కంటే పోలీసు ఎంక్వైరీ పెద్ద తతంగం. ఇంటికి వచ్చిన కానిస్టేబుల్ మంచినీళ్ళు తాగి, "ఆడపిల్లకి వైర్‌లెస్ ఎందుకు సామీ?" అని మా నాన్నను అడిగాడు. మా నాన్నకీ తెలీదు. "వాన ఎంత పడిందో చెప్పుకుంటారంట సార్" అన్నాడు. కానిస్టేబుల్ కాసేపు ఆలోచించి, "రాజీవ్ గాంధీకి కూడా ఇది ఉండేదంట కదా" అని సంతకం పెట్టుకుపోయాడు. అది నిజమే, ఆయన కాల్‌సైన్, అంటే రేడియోలో పేరుకు బదులు చెప్పుకునే లైసెన్సు గుర్తు, వీయూ2ఆర్‌జీ. నాకు వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్ వచ్చేసరికి డిగ్రీ పూర్తయి బ్యాంకు పరీక్షలు రాస్తున్నాను.

మా గుంపులో ఎవరి పేర్లూ ఇక్కడ రాయను. కాల్‌సైన్ రాసినా పేరు రాసినట్టే. ఊళ్ళ పేర్లతో చెప్తాను. చంద్రగిరి అన్నకు రేడియో, టేప్‌రికార్డర్ల రిపేరు షాపు. పుత్తూరాయనకు లారీలుండేవి. బ్యాటరీలకు మేమెప్పుడూ ఆయన్నే పీడించేవాళ్ళం. పాకాలలో ఒక కాంపౌండరు, చిత్తూరులో ఒక కోర్టు గుమాస్తా. సెట్లంటే ఏం గొప్పవి కావు. ఎవరో పారేసిన పాత వీహెచ్ఎఫ్ సెట్లు కొని, ఫ్రీక్వెన్సీని నిర్ణయించే క్రిస్టల్ మార్చి 145.500 మెగాహెర్ట్జ్‌కి తెచ్చుకున్నవే ఎక్కువ. ఏరియల్ అల్యూమినియం కర్టెన్ రాడ్లతో చేసుకున్నది. ఆ ఫ్రీక్వెన్సీ తరంగాలు కంటి చూపులా సూటిగా పోతాయి, కొండ అడ్డమొస్తే ఆగిపోతాయి. మాకేమో ఎటు చూసినా కొండలు. పాకాల నుంచి తిరుపతికి నేరుగా వినపడేది కాదు, చంద్రగిరి అన్న మధ్యలో ఉండి అటు మాట ఇటు చెప్పేవాడు. అదే హార్సిలీ హిల్స్ ఎక్కితే, 4 వేల అడుగుల పైన, చేతిలో పట్టే సెట్టుతో బెంగళూరు వాళ్ళు పక్కింటి వాళ్ళలా పలికేవాళ్ళు.

ఐవారు మాకు రేడియో కంటే ముందు వాన కొలవడం నేర్పారు. గరాటు, సీసా. గరాటు మూతి వైశాల్యం 100 చదరపు సెంటీమీటర్లు ఉండేలా చూసుకుంటే లెక్క తేలిక. సీసాలో 10 మిల్లీలీటర్లు పడితే ఒక మిల్లీమీటరు వాన. పొద్దున 8.30కి కొలవాలి, వాతావరణ శాఖ వాళ్ళ రోజు అప్పుడే మొదలవుతుంది కాబట్టి. 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. ఈ అంకెలు నాకు ఎక్కాల కంటే బాగా వచ్చు. "బాగా కురస్తా ఉండాది సార్" అంటే ఐవారికి మండిపోయేది. "బాగా అంటే ఎంత?" అనేవారు.

ఇంకోటి కూడా ఉండేది. వాన లేకపోయినా లేదని చెప్పాలి. చిత్తూరు గుమాస్తా గారికి ఇది ఎప్పటికీ ఎక్కలేదు. "ఏమీ లేనప్పుడు ఏం చెప్పేది సార్, బ్యాటరీ దండగ" అనేవాడు. "నువ్వు చెప్పకపోతే నీకు వాన లేదో, నీ సెట్టు చెడిపోయిందో, నువ్వే కొట్టుకుపోయినావో మాకెట్లా తెలుస్తుంది?" అని ఐవారు. వీళ్ళిద్దరి గొడవ వినడానికే కొందరం పొద్దున్నే సెట్టు పెట్టేవాళ్ళం.

అమెరికాలో వాతావరణ శాఖ వాళ్ళు స్కైవార్న్ అని ఒక కార్యక్రమం నడుపుతారు. మామూలు జనానికి శిక్షణ ఇచ్చి ఆకాశం చూసి కబురు పంపమంటారు. అందులో హామ్‌లు చాలామంది. టోర్నడో వచ్చేలా ఉంటే వాతావరణ ఆఫీసులోనే ఓ రేడియో పెట్టుకుని కూర్చుని, బయట ఉన్నవాళ్ళు చూసింది చూసినట్టు లోపలి వాళ్ళకు అందిస్తారు. రాడార్లు పెట్టుకున్నవాళ్ళకి మనుషుల కళ్ళెందుకు అని నేను అడిగాను. ఐవారు పలక తీసుకుని గీసి చూపించారు. రాడార్ కిరణం సూటిగా పోతుంది, భూమి కిందికి వంగిపోతుంది. వంద కిలోమీటర్లు పోయేసరికి ఆ కిరణం నేల మీద నుంచి దాదాపు ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. దాని కింద ఏం జరుగుతోందో దానికి తెలీదు. "మనకు టోర్నడోలు లేవు, చెరువులుండాయి" అన్నారు. రాయలసీమలో పుట్టినవాళ్ళకు ఇంకేం చెప్పక్కర్లేదు.

ఆకాశం చూసే యంత్రాలకు మా దగ్గర లోటేమీ లేదు. చంద్రగిరి దాటి పాకాల దారిలో గాదంకి ఉంది. అక్కడి ఎంఎస్‌టీ రాడార్ చూసే వీలు మాకు ఒకసారి దొరికింది. 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పున్న మైదానంలో 1024 యాగీ ఏరియల్స్ (పాత టీవీ ఏరియల్ లాంటివి), వరసగా, అన్నీ ఆకాశం వైపు చూస్తూ. 53 మెగాహెర్ట్జ్ మీద పైకి తరంగాలు పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి పై గాలుల సంగతి చెప్తుంది. చంద్రగిరి అన్న నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. "ఇంటిమీద ఒక్క యాగీ నిలబెట్టడానికే మా ఆవిడ ఒప్పుకోవడం లేదు" అన్నాడు. కానీ ఎంత రాడారైనా ఫలానా చెరువు కట్ట ఈ రాత్రి ఆగుతుందా అని అడిగితే చెప్పలేదు. అది కట్ట మీద నిలబడ్డవాడే చెప్పాలి.

ఆ కట్ట సంగతి చెప్పాలి. 1990ల చివర్లో ఓ నవంబరు. చెరువు పేరు రాయను, ఆ ఊళ్ళో వాళ్ళకు ఆ రాత్రి గురించి మాట్లాడడం ఇప్పటికీ ఇష్టం ఉండదు. సాయంత్రం నుంచి కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. దూరం మాటలకు వాడే 7 మెగాహెర్ట్జ్ మీద ఉరుముల చప్పుడు పటపటమని, మాట వినపడకుండా. మెరుపు దగ్గరకొచ్చిందంటే ఐవారు పెద్ద ఏరియల్ వైరు పీకి కిటికీ బయట పారేసేవారు, పిడుగు భయానికి. మా పని చిక్కంతా అదే. సెట్టు బాగా కావాల్సి వచ్చినప్పుడే పెద్ద ఏరియల్ తీసేయాలి. ఇక మిగిలేది చేతి సెట్టు, దాని జానెడు రబ్బరు ఏరియల్, లారీ బ్యాటరీ.

రాత్రి తొమ్మిదిన్నర దాటాక వీధిలో అరుపులు. ఎగువ చెరువు తెగిపోయిందంట, నీళ్ళు వచ్చేస్తా ఉండాయంట. పిల్లల్ని చంకనేసుకుని, గొడ్లను విప్పేసి జనం పరుగులు. ఎవరు చూశారు అంటే ఎవరూ చూడలేదు. పక్కూరివాడు చెప్పాడు, పక్కూరివాడికి బస్సు డ్రైవరు చెప్పాడు.

ఐవారు సెట్టు తీసుకుని ఒక్క మాటే అడిగారు. "కట్ట మీద ఎవరున్నారు?"

ఎవరూ పలకలేదు. కాసేపటికి చంద్రగిరి అన్న గొంతు. "ఎవురూ లేరు సార్. నేను పోతా."

టీవీఎస్ 50 మీద, ఆ వానలో, మెడలో సెట్టు ప్లాస్టిక్ కవర్లో కట్టుకుని పోయాడు. మేము చీకట్లో కూర్చున్నాం. ఐవారి భార్య కాఫీ పెట్టింది, ఎవరూ తాగలేదు. నేను పెన్సిల్ పట్టుకుని నోటు పుస్తకం ముందేసుకున్నాను. కొండ చాటున ఉన్నవాడి మాట మాకు అందదు. అందుకని ఆయన కట్ట చివర గుడి మెట్లెక్కి పలకాల్సి వచ్చింది.

"ఐవారూ, కట్ట మింద ఉండా. తెగలా. మళ్ళా చెప్తా ఉండా, కట్ట తెగలా. మొరవ పారతా ఉండాది, మోకాటి లోతు."

ఐవారి ఇంటి ముందు నిలబడ్డ జనం ఒక్కసారి ఊపిరి వదిలారు. ఐవారు మాత్రం వదల్లేదు. "అవతలి పక్క దిగువకి దిగి చూడు. ఎక్కడన్నా ఊట ఉందా?"

చాలాసేపటికి జవాబు. "తూము పక్కన ఉండాది సార్. బొటనవేలు లావు ధార."

"నీళ్ళు తేటగా ఉన్నాయా, మట్టి కలిసి ఉన్నాయా? టార్చి వేసి దోసిట్లో పట్టి చూడు."

ఇది నాకు అప్పటిదాకా తెలీదు. మట్టికట్ట అన్నాక ఎంతో కొంత ఊట ఉంటుంది. తేట నీళ్ళు వస్తుంటే కట్ట లోపలి మట్టి కదలడం లేదని. ఎర్రగా, బురదగా వస్తుంటే నీళ్ళు లోపలి మట్టిని తవ్వి తీసుకొస్తున్నాయని. అప్పుడు గంటలు కాదు, ఒక్కోసారి నిమిషాలే ఉంటాయి. అన్న మళ్ళీ దిగి, చూసి, మళ్ళీ గుడి మెట్లెక్కాడు. "తేట సార్. అరిచెయ్యి గీతలు కనపడతా ఉండాయి."

10.50, కట్ట తెగలేదు, మొరవ మోకాటి లోతు, తూము ఎడమ పక్క బొటనవేలు లావు ఊట, తేట నీరు, చూసినవాడు అక్కడే ఉన్నాడు. ఇలా రాసుకుని, నేనూ మా చిన్నాన్నా గొడుగేసుకుని ఒక ఆఫీసుకు పోయాం. అక్కడ కూర్చున్న పెద్దమనిషి కాయితం చేత్తో కూడా తాకలేదు. "ఎవరమ్మా నువ్వు? వైర్‌లెస్ ఏంది? ఎవరు పంపించారు?" లైసెన్సు చూపించాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టాడు. మూలన తడిసిన తువ్వాలు పిండుకుంటున్న, చెరువు తూములు చూసుకునే ముసలి లస్కర్ ఒకడు నా వైపు తిరిగి, "ఏం చెప్పినాడమ్మా, తూముకి ఎడమ పక్కనా? తేట నీళ్ళా?" అన్నాడు. అవునన్నాను. అతను ఆఫీసరు వైపు తిరిగి, "సార్, ఇది చూసినోడి మాట. ఆ ఊట నాకు తెలుసు, ఏటా ఉండేదే" అన్నాడు.

ఆ తర్వాత కథ మారింది. అరగంటకోసారి "ఏమంటున్నాడమ్మా మీవాడు?" అని ఆఫీసరే మనిషిని పంపించాడు. అన్న తెల్లవారేదాకా ఆ గుడి మెట్ల దగ్గరే ఉన్నాడు. తెల్లారి ఇసుక మూటలతో ట్రాక్టర్లు పోయాయి. పేపర్లో మా మాట రాలేదు. తెగని చెరువు వార్త ఎందుకవుతుంది?

ఆ తర్వాతి ఏళ్ళు గబగబా గడిచాయి. 1999 ఒడిశా సూపర్ సైక్లోన్‌కి, 2001 భుజ్ భూకంపానికి దేశంలో హామ్‌లు వెళ్ళి పనిచేశారు. మేం ఇక్కడి నుంచి వినడం తప్ప చేసిందేమీ లేదు. 2004 డిసెంబరు మాత్రం బాగా గుర్తు. ఢిల్లీ నుంచి భారతీ ప్రసాద్ గారు అండమాన్ వెళ్ళి పోర్ట్‌బ్లెయిర్ నుంచి ప్రసారం చేస్తున్నారు. అండమాన్ నుంచి హామ్ గొంతు వినపడడం చాలా అరుదు కాబట్టి ప్రపంచం నలుమూలల నుంచి ఆవిడను పిలిచేవాళ్ళే. డిసెంబరు 26 ఆదివారం సునామీ వచ్చింది. అప్పటిదాకా సరదాకి నడిచిన ఆ స్టేషనే ఆ రోజు నుంచి దీవుల క్షేమ సమాచారాలు మోసింది. ఆడవాళ్ళకి వైర్‌లెస్ ఎందుకు అన్న ఆ కానిస్టేబుల్ ఎక్కడున్నాడో అనుకున్నాను.

మామూలు రోజుల్లో హామ్‌లు బయటివాళ్ళ కబుర్లు మోయకూడదు. వ్యాపారం, రాజకీయం, పాటలు, ఏవీ కుదరవు. ప్రకృతి వైపరీత్యాల్లో మాత్రం రూల్స్‌లోనే వెసులుబాటు ఉంది. కొత్తవాళ్ళు దాన్ని పట్టుకుని ప్రతి వానకీ వైపరీత్యం అనబోతే ఐవారు ఊరుకునేవారు కాదు.

2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ సీ6 మీద హామ్‌శాట్ పోయింది. హామ్‌ల కోసమే ఇస్రో చేసిన 42.5 కిలోల చిన్న ఉపగ్రహం. మేమంతా ఐవారి డాబా మీద నిలబడి తూర్పు వైపు చూశాం. అప్పటికి ఆయనకు చూపు మందగించింది. "కనపడిందా?" అని అడిగారు, "వినపడుతుంది లెండి సార్" అన్నాడు చంద్రగిరి అన్న. కొన్నాళ్ళకి నిజంగానే 145.9 మెగాహెర్ట్జ్ దగ్గర దాని గుండా వచ్చే గొంతులు పట్టుకున్నాం. అది 2014 దాకా పనిచేసింది. ఐవారు అంతకు ముందే వెళ్ళిపోయారు.

సెల్‌ఫోన్లు వచ్చాక మా గుంపు పలచబడింది. దానికి నాకేం బాధ లేదు, ఫోనుతో అయ్యే పనికి వైర్‌లెస్ ఎందుకు? అయితే టవర్ కూడా బ్యాటరీ మీదా డీజిల్ మీదా బతికేదే. కరెంటు పోయి, రోడ్డు తెగి, డీజిల్ అందకపోతే కొన్ని గంటలే. చంద్రగిరి అన్న షాపులో ఈలోగా హైదరాబాదు అష్హర్ ఫర్హాన్ డిజైన్ చేసిన బిట్‌ఎక్స్ సెట్టు తయారైంది. కుళాయి వాషర్ల మీద కాయిల్స్ చుట్టుకుని చేసుకునే రకం. చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి సామాన్లు తెచ్చి అన్న తన కొడుకు చేత సోల్డరింగ్ చేయించాడు. వాడూ పరీక్ష రాశాడు.

2021 నవంబరు ఎవరూ మర్చిపోలేరు. 18న మొదలైన వాన. 19 తెల్లవారుజామున వాయుగుండం చెన్నై దగ్గర తీరం దాటింది. తిరుపతి వీధులు ఏరులయ్యాయి. ఘాట్ రోడ్లు మూసేశారు. శ్రీవారి మెట్టు దారి ఎంత దెబ్బతిన్నదంటే, 2022 మే దాకా తెరవలేకపోయారు. కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్ళు కొట్టుకుపోయాయి. దాంతో 21న రామచంద్రాపురం మండలం రాయలచెరువు కట్టకు లీకు పడిందనగానే జనం గుండెలు జారిపోయాయి. ఈసారి భయంలో తప్పేం లేదు, లీకు నిజమే, దిగువ ఊళ్ళను అధికారులే ఖాళీ చేయించారు. కానీ ఫోన్లలో తిరిగిన వీడియోలు మాత్రం ఏ రాష్ట్రానివో, ఏ సంవత్సరానివో. తెగింది, తెగలేదు, తెగబోతోంది, మూడూ ఒకే గ్రూపులో.

ఆ రోజు అన్న కొడుకు ఆ వైపు పోయాడు. నాకు వచ్చిన రిపోర్టు ఇది. "అక్కా, నన్ను కట్ట దగ్గరికి పోనీలేదు, పోలీసులు ఉండారు. నేను రోడ్డు మింద ఉండా. ట్రాక్టర్లలో, ఆటోల్లో జనాన్ని దాటిస్తా ఉండారు. ఈ రోడ్డు మింద నీళ్ళు లేవు, బండ్లు పోతా ఉండాయి. కట్ట నేను చూళ్ళా. కట్ట గురించి ఏం చెప్పను." ఎంత ముచ్చటేసిందో. ఆ రోడ్డు తెరిచి ఉందన్న ముక్క అవతల చుట్టాలున్న ఒకటి రెండు ఇళ్ళకు పనికొచ్చింది. చెరువు నిలబడింది.

ఇప్పుడు మా వైపు పొద్దున 8.30కి పలికేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. అన్న కొడుకు, నేను, పుత్తూరాయన, అప్పుడప్పుడూ చిత్తూరు నుంచి గుమాస్తా గారు. ఆయన రిటైరయ్యాక మారాడు, వాన లేకపోయినా ముందు ఆయనే పలుకుతున్నాడు. పుత్తూరాయనతోనే గొడవ. మొన్న రాత్రి జల్లుకి 48 మిల్లీమీటర్లు అన్నాడు. అదే రాత్రి నగరిలో నేలే తడవలేదని అక్కడి చుట్టాలు ఫోన్ చేశారు. గరాటు మూతి ఎంతో కొలిచి చెప్పమన్నాను. స్కేలు దొరకలేదంటున్నాడు. రేపు మళ్ళీ అడుగుతాను.